గొర్రెల అంబాసిడర్

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులు ఊరికి ఒకరిద్దరుంటారు. కర్ణాటక అంచున, పావగడ దగ్గరి బలసముద్రంలో మాత్రం ఆ పనికి ఎర్రప్ప ఒక్కడే సరిపోతాడు. అరవై ఆరేళ్లు. నెత్తిన తువ్వాలు, భుజాన కంబళి, దవడలో వక్కాకు. చుట్టుపక్కల చేలన్నీ సోలారు పార్కుకు లీజుకు పోయి, కనుచూపు మేరా నల్లటి ప్యానెళ్లు పరుచుకున్నాయి. తోటివాళ్లు గొర్రెలమ్ముకుని ప్యానెళ్లు కడిగే కూలికో, గేటు కాపలాకో పోయారు. ఎర్రప్ప పోలేదు. "కడిగిన నీళ్లకు కంచె వెంబడి గడ్డి మొలుస్తాది. గొర్రెకు ఇంతకంటే ఏం కావాలప్పా?" అని తన అరవై జీవాలనూ అట్టే పెట్టుకున్నాడు.

ఆ అరవై గొర్రెలకు ఒక కారుంది. నవ్వొస్తే నవ్వుకోండి గానీ మాట మాత్రం నిజం. 1963 నాటి అంబాసిడర్.

అసలు ఆ కారు వెంకటరాముడి నాయనది. వెంకటరాముడంటే ఊళ్లో పెద్ద రైతు. ఎర్రప్ప కంటే నాలుగేళ్లు పెద్ద. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, తెల్ల పంచె తప్ప ఇంకో బట్ట కట్టడు. వాళ్ల నాయన హోబళి మొత్తానికి, అంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ, మొదటి కారు కొన్న మనిషి. రోజూ పొద్దున్నే జీతగాడు దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. గొర్రెలు కాసేవాళ్ల పిల్లలు దాని దగ్గరికొస్తే కేకలు పడేవి. ఎర్రప్ప చిన్నప్పుడు ఆ కారు వెనకాల దుమ్ము మింగుతూ పరుగెత్తినవాడే.

పెద్దాయన పోయాక కారు గొడ్లకొట్టంలో పడింది. పదకొండేళ్లు అక్కడే ఉంది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. ఒక ఏడాది ఊరి దేవర జాతరకు వెంకటరాముడికి రెండు మంచి పొట్టేళ్లు కావలసి వస్తే ఎర్రప్ప తోలుకొచ్చాడు. ఏమిమ్మంటావని అడిగితే కొట్టం వైపు వేలు చూపించాడు. వెంకటరాముడు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "తీసుకుపో, నాకు కొట్టమన్నా ఖాళీ అవుతాది" అన్నాడు.

ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చిన కారును చూసి ఎర్రప్ప భార్య రామాంజినమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొట్టేళ్లిచ్చి తుప్పు తెచ్చుకున్న మొగోడివి తాలూకాలో నువ్వొక్కడివే" అని కడుపారా తిట్టింది. తిట్టడం అయ్యాక లోపలికి పోయి ఎర్రమట్టి జాజు కలుపుకొచ్చింది. కొత్తగా కొన్న ఏ జీవమైనా సరే, మందలో కలిసే ముందు దాని ఎడమ తొడ మీద ఎర్రటి జాజులో ముంచిన అరచేతి అచ్చు వేయడం వాళ్ల ఇంటి ఆచారం. సంతలో తప్పిపోయినా, పక్కవాళ్ల మందలో దూరినా ఆ చెయ్యి చూసి మన జీవమని లాక్కొస్తారు. రామాంజినమ్మ కారుకు కూడా ఎడమ వైపు, వెనక చక్రం పైన, అచ్చేసింది. "గుర్తు పడిన జీవాన్ని మంద వదలదు" అంది. అప్పటి నుంచి ఏటా గొర్రెలకు బొచ్చు కత్తిరించి కొత్త గుర్తులు వేసేనాడు కారుకూ ఒకటి పడుతుంది.

కారు నడిచేదాకా ఎర్రప్ప రెండేళ్లు పావగడ మెకానిక్కుల చుట్టూ తిరిగాడు. నడిచాక దాన్ని తన పనికి తగినట్టు దిద్దుకోవడం మొదలుపెట్టాడు. వెనక సీటు పీకేసి వేపచెక్కలు పరిచాడు. వెనక తలుపుల అద్దాలు తీసేసి, గొర్రెలు తల బయటపెట్టి గాలి పీల్చుకునేలా ఇనుప కమ్మీలు బిగించాడు. తలుపు తెరిస్తే కిందికి వాలి, మూస్తే లోపలికి మడుచుకునే చెక్క నిచ్చెన ఒకటి చేశాడు. దారిలో గొర్రె ఈనితే, పిల్లను గుడ్డ ఉయ్యాలలో వేలాడదీసేందుకు కప్పుకు కొక్కెం పెట్టాడు. కరెంటు హారన్ చచ్చిపోతే, రబ్బరు బుంగ పిసికితే మోగే పాతకాలం హారన్ తెచ్చి తగిలించాడు. సాయంత్రం మేతకని ఎండిన వేరుశనగ తీగలు, అదే చెనక్కాయ కట్టె, వేసుకొచ్చి ఆ హారన్ రెండుసార్లు కొట్టాడంటే, మంద ఏ మూల మేస్తున్నా తోకలెత్తుకుని పరుగెత్తుకొస్తుంది. ఆ కారు గొర్రెల్నే కాదు, చెనక్కాయ మూటల్ని మోసింది, పెళ్లికూతుళ్లను మోసింది, అంబులెన్సు రాని రోజుల్లో ఆస్పత్రికి మనుషుల్నీ మోసింది.

సీటు పీకిన రోజు నుంచి వెంకటరాముడికి కడుపుమంట. కారు ఎదురైతే చాలు, "మా నాయన కారును చెడగొట్టినావు కదప్పా" అంటాడు. "చెడిపోయినదాన్ని బాగు చేసినానన్నా" అంటాడు ఎర్రప్ప. ముప్పై ఏళ్లుగా వాళ్లిద్దరూ నమస్కారం బదులు ఈ మాటలే చెప్పుకుంటున్నారు.

ఇలా ఉండగా వెంకటరాముడి కొడుకు నందీష్ ఒక కబురు మోసుకొచ్చాడు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ పాత కార్ల పిచ్చి పట్టించుకున్న మనిషి. అక్కడి పాత కార్ల సంఘం వాళ్లు సోలారు పార్కు రోడ్ల మీద కార్లు తోలుకుంటూ వచ్చి, బలసముద్రం హైస్కూలు మైదానంలో ప్రదర్శన పెట్టి ప్రైజులిస్తారట. నందీష్ టీ హోటల్లో ఎర్రప్ప పక్కన కూర్చుని మెల్లగా అసలు సంగతి ఎత్తాడు.

"చిన్నాయనా, ఆ కారు నాకియ్యి. తాత కొన్నప్పుడు ఎట్లుండెనో అట్ల చేయిస్తా. నీ గొర్రెలకు కొత్త పికప్ బండి తెచ్చిస్తా. నాయనకు ఒకటే కోరిక, వాళ్ల నాయన కారు మళ్లా మా ఇంటి ముందర నిలబడల్ల."

"బాగున్న కారును ఏం చేయిస్తావు నాయనా?" అన్నాడు ఎర్రప్ప.

ఎదురు బెంచీ మీదున్న వెంకటరాముడికి అది చాలు. "బాగుండాదా? సరే, పందెం వేసుకుందాం. పెద్ద పెద్దోళ్లు వస్తాండారు కదా, వాళ్లు చూసి ఏదో ఒక ప్రైజు నీ కారుకిస్తే నేను సచ్చేదాకా ఆ మాటెత్తను. ఇయ్యకపోతే కారు మా ఇంటికి రావల్ల."

పదిమంది చూస్తున్నారు. ఎర్రప్ప గ్లాసు కింద పెట్టి, వెంకటరాముడి చేతిలో చెయ్యి వేసేశాడు. వేసిన మరుక్షణమే తొందరపడ్డానని తెలిసింది. కానీ వేసిన చెయ్యి వెనక్కి తీసుకునే మనిషైతే అతను ఎర్రప్ప ఎందుకవుతాడు?

ఇంటికొచ్చి చెప్తే రామాంజినమ్మ రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడింది, అది ఇంకా కష్టమైంది. ఎర్రప్ప పోయి కారులో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుంటే భయమేసింది. ఈ వాసన, ఈ చెక్కల కిర్రుమనే చప్పుడు లేకుండా తను సంతకు ఎట్లా పోతాడు? పికప్ బండికి జాజు గుర్తేస్తే మాత్రం అది మంద అవుతుందా?

మనవరాలు రక్షిత సోలారు ప్లాంటులో టెక్నీషియను. ప్రదర్శన ఫారం ఆమె ఫోన్‌లోనే నింపాలి. తాత పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది.

"ఈడ రెండు గళ్లుండాయి తాతా. ఒకటి రిస్టోర్డ్. పాత కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మాదిరే మళ్లా నిలబెట్టినోళ్లకు. రెండోది మోడిఫైడ్, కారును తమకు కావలసినట్ల మార్చుకున్నోళ్లకు. మనది రెండోది."

"మొదటిదానికి పెట్టు టిక్కు."

"అట్ల పెడితే ఫ్యాక్టరీలో లేని ప్రతిదానికీ మార్కులు కోస్తారు. మన కారులో ఫ్యాక్టరీది ఏం మిగిలుండాదని?"

"కోళ్లు గుడ్లు పెట్టే కారును రోడ్డెక్కించింది ఎవరు?"

"నువ్వే."

"మళ్లా? మార్చినానని నా నోటితో నేను చెప్తే, చెడగొట్టినానని వెంకటరాముడన్న ముప్పై ఏండ్లుగా అనేది నిజమని ఒప్పుకున్నట్లు కాదా? బాగు చేసినా. అంతే. పెట్టు."

అర్థం కాక కాదు. అంతా అర్థమయ్యే ఆ మాట అన్నాడు. రక్షిత రెండు రోజులు వాదించింది. దేవుడు దిగొచ్చి చెప్పినా వినేలా లేడని తెలిసి, నెత్తి కొట్టుకుని మొదటి గడిలో టిక్కు పెట్టింది.

ఆదివారం వచ్చింది. ముందురోజే గొర్రెలకు బొచ్చు కత్తిరించి కొత్త గుర్తులు వేశారు. పొద్దున్నే రామాంజినమ్మ కారును కుంకుడుకాయ నురగతో కడిగి, ఎడమ వైపు చెయ్యి అచ్చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు మిరపకాయల దండ కట్టింది. "నువ్వూ రా" అన్నాడు ఎర్రప్ప. "కార్ల తిరణాల నాకెందుకు? జీవాల్ని ఎవరు మేపుతారు, మీ నందీషా?" అంది.

"మేపుకో గానీ, హైస్కూలు దిక్కుకు మాత్రం తోలొద్దు" అని చెప్పి బయల్దేరాడు.

మైదానంలో ముప్పై కార్లు రెండు వరసల్లో నిలబడ్డాయి. ఒక వరసలో రిస్టోర్డ్ కార్లు, అద్దం బదులు వాటిలో ముఖం చూసుకోవచ్చు. వాటిలో ఒక నల్లకారును లారీ మీద ఎక్కించి తెచ్చారు. కారును లారీలో తేవడమేమిటో ఎర్రప్పకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. రెండో వరసలో మార్పులు చేసినవి. రావణాసురుడి బండి లాంటి నీలం కారొకటి, లావు టైర్లతో, డిక్కీ నిండా స్పీకర్లతో మైదానమంతా అదరగొడుతోంది.

మొదటి వరసకు జడ్జి నాగరాజ అనే ఆయన. ఒకప్పుడు ఆటోమొబైలు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, కోలారు వైపు వాడు, తెలుగు బాగా వచ్చు. తెల్ల గ్లౌజులు, టార్చి, కారు కింద చూడటానికి కర్రకు కట్టిన చిన్న అద్దం. మొదలుపెట్టే ముందు అందరినీ పిలిచి పద్ధతి చెప్పాడు.

"ఈ వరసలో అందరికీ ముందే నూరు మార్కులు వేస్తాం. ఫ్యాక్టరీలో లేనిది కనపడిన చోటల్లా తీసేస్తాం. ఆ వరసలో అందరూ సున్నా నుంచి మొదలు. సొంత ఆలోచన, చేతిపని, పనికొచ్చే గుణం కనపడిన చోటల్లా కలుపుతాం. అంతే తేడా."

ఎర్రప్పకు ప్రాణం లేచొచ్చింది. "చూసినావా, మొదట్లోనే నూరు" అని రక్షితను మోచేత్తో పొడిచాడు. బడికి పోయిన మూడేళ్లలో ఆయనకు నూరు ఎప్పుడూ రాలేదు.

నల్లకారుకు వైపరు రబ్బరు కొత్త రకమని నాగరాజ రెండు మార్కులు తీసేశాడు. దాని యజమాని ముఖం చూస్తే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. ఎర్రప్ప ధైర్యం అప్పుడు కొంచెం జారింది.

ఆయన వంతొచ్చింది. చుట్టూ జనం మూగారు. వెంకటరాముడు, భార్య సుబ్బలక్ష్మమ్మ, నందీష్ ముందు వరసలోనే ఉన్నారు. వెంకటరాముడి చేతిలో పాత ఫోటో ఒకటుంది. వాళ్ల నాయన కొత్త కారుకు ఆనుకుని నిలబడ్డ ఫోటో.

నాగరాజ వెనక తలుపు తెరిచాడు. చెక్క నిచ్చెన టకామని వాలి ఆయన బూటు ముందు ఆగింది.

"ఇది ఏంది?"

"గొర్రెలెక్కేదానికి సార్."

"ఎనిమిది. వెనక సీటు?"

"సీటుంటే గొర్రెలు యాడ నిలబడతాయి సార్?"

"పన్నెండు. అద్దాలు?"

"గాలి రాదు కదా సార్."

"పది." పెన్ను ఆగకుండా నడుస్తోంది. కొక్కేనికి నాలుగు, కమ్మీలకు ఆరు, గేరు కడ్డీకి తొడిగిన పొట్టేలు కొమ్ముకు మూడు. మిరపకాయల దండను చూసి కాసేపు ఆలోచించి ఒకటి తీశాడు. ఎడమ వైపు ఎర్రటి చెయ్యి ముందు ఆగి, "ఈ పెయింటు మీద ఇది ఎవరు వేసింది?" అన్నాడు.

"ఇంటామె సార్. ఏటా వేస్తాది."

"ఏటానా?" అని అయిదు తీసేశాడు. ఇంజను మూత ఎత్తాక మాట్లాడటమే మానేసి రాసుకుంటూ పోయాడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎర్రప్పకు చెవులు వేడెక్కాయి. నూరు ఇరవై నాలుగైంది. ఇంకా హారన్ మిగిలే ఉంది.

నాగరాజ స్టీరింగు దగ్గరికి వంగి రబ్బరు బుంగ మీద చెయ్యి వేశాడు. అప్పుడే ఎర్రప్పకు మైదానం గోడ అవతల, చిల్లచెట్ల సందులో, ఒక ఎర్రచీర కనపడింది. హైస్కూలు దిక్కుకు తోలొద్దన్న మంద సరిగ్గా ఆ గోడ పక్కనే గడ్డి లేని చోట మేస్తోంది. రామాంజినమ్మ గోడ మీద గడ్డం ఆనించి కార్ల తిరణాల చూస్తోంది.

"సార్, హారన్ ఒక్కటి వద్దు" అన్నాడు ఎర్రప్ప.

"పని చేయదా? అయితే అయిదు."

"పని చేస్తాది సార్. బాగా పని చేస్తాది. అందుకే వద్దంటాండా."

ఇలాంటి మాట నాగరాజ ఉద్యోగంలో ఎన్నడూ విని ఉండడు. బుంగను రెండుసార్లు గట్టిగా పిసికాడు.

గోడ అవతల అరవై తలలు ఒక్కసారి లేచాయి. గేటు తీసే ఉంది. ముసలి పొట్టేలు ముందు, తక్కినవన్నీ దాని వెనక, మైదానంలోకి వచ్చిపడ్డాయి. నల్లకారు యజమాని చేతులు చాపుకుని కారుకు అడ్డం నిలబడ్డాడు. ఒక గొర్రె నీలం కారు స్పీకరు ముందు ఆగి, ఆ అదురుకు బెదిరి, మళ్లీ దౌడు తీసింది. "ఏయ్, ఏయ్" అంటూ రామాంజినమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వెనకాల పరుగెత్తుకొస్తోంది. కానీ గొర్రెలు ఏ కారు జోలికీ పోలేదు. నేరుగా అంబాసిడర్ దగ్గరికే వచ్చాయి. ముసలి పొట్టేలు నాగరాజను పక్కకు నెట్టి నిచ్చెనెక్కింది. దాని వెనకే ఏడు గొర్రెలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి, ఎవరి చోట్లో అవి సర్దుకుని, కమ్మీల్లోంచి తలలు బయటపెట్టి జనాన్ని చూశాయి. చోటు చాలని తక్కినవి కారు చుట్టూ నిలబడి కట్టె ఎక్కడని అరిచాయి.

నాగరాజ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత గ్లౌజులు తీసేసి, నేల మీద కూర్చుని, నిచ్చెన మడత బందులను వేలితో కదిలించి చూశాడు.

"ఇది ఎవరు చేసినారు?"

"నేనే సార్. మొదట చేసిన దాంట్లో ఒక గొర్రె కాలు ఇరుక్కున్యాది. మళ్లా సందులు తగ్గించి రెండోది చేసినా."

"చెక్కలు ఏటవాలుగా ఎందుకున్నాయి?"

"ఉచ్చ నిలవకుండా సార్. నిలిస్తే డెక్కలు చెడిపోతాయి."

నాగరాజ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పెద్దాయనా, ఈ కారు నా వరసలోది కాదు. ఈడ నీకు వచ్చింది పంతొమ్మిది. హారన్ అయిదు పోయింది. ప్రైజు మాట మరిచిపో. ఆ వరసలోకి మారతానంటే నీకు దారి ఉంది. ఈ కారును నేను మార్చినాను అని యజమాని తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఇప్పుడే పెట్టాలి." ఫారం, పెన్ను చాపాడు.

"తాతా, పెట్టు" అంది రక్షిత.

ఎర్రప్ప పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టకపోతే పోయేది కారు. పెడితే పోయేది ముప్పై ఏళ్ల మాట. వెంకటరాముడి వైపు చూశాడు, ఆ చేతిలో ఫోటో చూశాడు. ఫోటోలో కారు తళతళలాడుతోంది. అందరి ముందరా తను చెడగొట్టానని రాసివ్వడమా? పెన్నుకు మూత పెట్టేశాడు.

"నేను మార్చలేదు సార్" అన్నాడు. "బాగు చేసినా. కారు పోతే పోనీ."

రామాంజినమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. మొగుడి ముఖం చూసి మూసుకుంది. ఆమె తిట్టకుండా ఊరుకోవడంతో ఎర్రప్పకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు సుబ్బలక్ష్మమ్మ ముందుకొచ్చి కారులోకి తొంగి చూసింది. వేపచెక్కల మీద చెయ్యి పెట్టింది. భర్త వైపు తిరిగింది.

"చెనక్కాయ చేన్లో నా నడుం విరిగిననాడు నన్ను పావగడ ఆస్పత్రికి తీసుకుపోయింది యాడ పండబెట్టి?"

వెంకటరాముడు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అదెందుకు?"

"చెప్పు. యాడ పండబెట్టి?"

"ఈ చెక్కల మీదే."

"మీ నాయన సీటుండింటే నన్ను మడిచి కూచోబెడుతూ ఉంటివా? డాక్టరు ఏమన్యాడు? కదలకుండా పండబెట్టి తెచ్చినారు కాబట్టి మళ్లా నడుస్తాదన్యాడా, లేదా? నేను ఈ పొద్దు ఈడికి నా కాళ్ల మీదనే వచ్చినా. చెడగొట్టినాడంట, చెడగొట్టినాడు."

వెంకటరాముడు చేతిలో ఫోటోను చూసుకున్నాడు, కారును చూశాడు. ఫోటోను జాగ్రత్తగా జేబులో పెట్టుకుని ఎర్రప్ప దగ్గరికొచ్చాడు.

"ఎర్రప్పా, సంతకం పెట్టప్పా."

"పెడితే నువ్వన్నదే నిజమైతాది కదన్నా."

"నేనన్నది తప్పు. మార్చేది వేరే, చెడగొట్టేది వేరే. నాకు తెలిసీ ముప్పై ఏండ్లు అన్యాను. మా నాయన కారు నీ ఇంట్లో బతికినంత మా ఇంట్లో బతకలేదని కడుపుమంట. ఆ మాట ఇందరి ముందర వాపసు తీసుకుంటాండా. పెట్టు." నందీష్ ఏదో అనబోతే చేత్తోనే ఆపేశాడు.

ఎర్రప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కారు మూత మీద కాగితం పెట్టుకుని, బడిలో నేర్చుకున్న కన్నడంలో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. ఈ కారును నేనే మార్చాను. కింద ఎర్రప్ప. రాశాక చూస్తే అందులో సిగ్గుపడాల్సిందేమీ కనపడలేదు.

కారు రెండో వరసలోకి మారింది. గొర్రెలు దిగనన్నాయి కాబట్టి గొర్రెలతో సహా మారింది. ఆ వరస జడ్జీలు సున్నాతో మొదలుపెట్టారు. నిచ్చెనకు పది, ఏటవాలు చెక్కలకు పది, కమ్మీలకు ఎనిమిది. కొక్కేనికి రక్షిత తన చున్నీ కట్టి ఒక గొర్రెపిల్లను ఊపి చూపిస్తే ఇంకో తొమ్మిది. ఇందాక ఎక్కడెక్కడ కోశారో అక్కడక్కడే కలుపుతూ పోతుంటే ఎర్రప్ప వేళ్లు మడుచుకుంటూ వెంట నడిచాడు. హారన్ దగ్గరికొచ్చేసరికి జడ్జీలు కొట్టి చూడాల్సిన పని లేదన్నారు. పదిహేను వేశారు. ఎర్రచెయ్యి గురించి అడిగి తెలుసుకుని, దానికి ఏ గడిలో వేయాలో తెలియక కొంతసేపు గుసగుసలాడుకుని, చివరికి అయిదిచ్చారు.

మొత్తం డెబ్బై ఎనిమిది. నీలం కారుకు ఎనభై మూడు. మొదటి ప్రైజు దానికిపోయింది. రెండో ప్రైజు ఎర్రప్పది. చెంబంత కప్పు.

"రెండోదేనా?" అని మూతి తిప్పింది రామాంజినమ్మ, కప్పును కొంగులో దాచుకుంటూ. "ఆ నీలం దాంట్లో ఒక్క గొర్రెన్నా ఎక్కుతాదా?"

"ఏదో ఒక ప్రైజు అనే కదా పందెం" అన్నాడు ఎర్రప్ప.

సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు తక్కిన మందను రక్షిత తోలుకుని నడిచింది. ముందు సీట్లో ఎర్రప్ప పక్కన రామాంజినమ్మ, కప్పు, సుబ్బలక్ష్మమ్మ సర్దుకున్నారు. నందీష్ కారు తలుపు తెరిచి పట్టుకున్నా వెంకటరాముడు అందులో ఎక్కలేదు. అంబాసిడర్ పక్కన నిలబడి, "నన్నూ ఇంటికాడ దించుతావాప్పా?" అన్నాడు.

"ముందర చోటు లేదు కదన్నా."

"వెనక ఉండాది కదా" అంటూ పంచె ఎగగట్టుకుని నిచ్చెనెక్కాడు. ముసలి పొట్టేలు కొంచెం జరిగింది. ఎర్రప్ప వెనక్కి చూడకుండా మెల్లగా తోలాడు. గుంతలు వచ్చిన చోటల్లా గొర్రెలు ఆయన మీద పడ్డాయి, ఆయన గొర్రెల మీద పడ్డాడు. కమ్మీల్లోంచి ఏడు గొర్రె తలలు, ఒక పొట్టేలు తల, ఒక వెంకటరాముడి తల బయటికి చూస్తూ పోతుంటే, ప్యానెళ్లు కడిగేవాళ్లు పైపులు పట్టుకుని అట్టే నిలబడిపోయారు.

తన ఇంటి ముందర దిగాక వెంకటరాముడు చూసుకుంటే తెల్ల చొక్కాకు ఎడమ వైపు, నడుం పైన, ఎర్రగా ఉంది. గొర్రెలకు నిన్న వేసిన జాజు చెమటకు తడిసి అంటుకుంది. వెంకటరాముడు గబగబా చేత్తో రుద్దుకున్నాడు. అది ఇంకా పాకింది.

"రుద్దితే పోదు బావా" అంది రామాంజినమ్మ కారులోంచి. "గుర్తు పడిపోయింది."

వెంకటరాముడు రుద్దడం మానేశాడు. జేబులోంచి వాళ్ల నాయన ఫోటో తీసి, కిటికీలోంచి ఎర్రప్ప చేతికిచ్చాడు. "దీన్ని ఆ కొక్కెం పక్కన పెట్టుకో. కారు యాడుంటే ఆయనా ఆడ్నే ఉండల్ల" అన్నాడు. ఎర్రప్ప ఫోటోను కళ్లకద్దుకుని, "చెడగొట్టినావు కదప్పా" అనే పాత మాట వినపడుతుందేమోనని అలవాటు కొద్దీ ఒక క్షణం ఆగాడు.

"పొద్దున సంతకు ఎన్నింటికి పోతావు?" అన్నాడు వెంకటరాముడు. "నేనూ వస్తా. హారన్ కొట్టు."